ఊరంతా ఒకే పుస్తకం, అదీ ఒక్కటే!

గ్రంథాలయంలో పుస్తకాలు లేకపోవడాన్ని మించి ఊరికి మేలు చేసేది మరొకటి లేదు!

కోప్పడకండి. ఊరికే అనడం లేదు. నలభై రోజులు కళ్లారా చూసి, చెవులారా విని, లెక్కలేనన్ని మిర్చి బజ్జీలు తిని మరీ ఈ నిర్ణయానికి వచ్చాను. పుస్తకాలు దండిగా ఉన్న ఊళ్లో ఏం జరుగుతుంది? ఎవరి పుస్తకం వాళ్లు తీసుకుంటారు. ఎవరింటికి వాళ్లు పోతారు. తలుపేసుకుని, ఎవరికీ చెప్పకుండా, గుట్టుగా చదివేసుకుంటారు. ఎంత స్వార్థం!

అదే పుస్తకాలు లేవనుకోండి... ఉండండి, మొదటినుంచీ చెబుతాను.

శంషాబాద్ నుంచి పాల్మాకుల వైపు వెళ్లే దారిలో మా ఊరు. మాట్లాడుతుంటే మధ్యలో విమానం వస్తుంది, అది దిగేదాకా ఆగి మళ్లీ మొదలుపెడతాం. అలవాటైపోయింది. ఊళ్లో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. ఒక గది, రెండు కుర్చీలు, మూడు దినపత్రికలు, ఒక బీరువా. బీరువా తాళం ఎప్పుడో పోయింది కాబట్టి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. సాయంత్రం నాలుగింటి నుంచి ఏడింటి వరకు తెరుస్తారు. తెరిచేదీ, ఊడ్చేదీ, మూసేదీ నిర్మల ఒక్కతే. కాంట్రాక్టు ఉద్యోగం.

మొన్న చలికాలంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ‘ఊరంతా ఒకే పుస్తకం’ అనే మహత్తర పఠన కార్యక్రమం! నలభై రోజులపాటు ఊళ్లో వాళ్లందరూ ఒకే పుస్తకం చదవాలి. ఆఖరి రోజు సభ పెట్టి దాని గురించి చర్చించుకోవాలి. వంకలు వెతకడమే వృత్తిగా పెట్టుకున్న నాకు కూడా ఇందులో వంక దొరకలేదంటే చూసుకోండి. పత్రికల్లో రాస్తానన్న ఒకే ఒక్క నేరానికి నన్ను కన్వీనర్ని చేశారు.

మొదటి రోజు ట్రాలీ ఆటోలో సామాను దిగింది. ఫ్లెక్సీలు రెండు. ‘నేనూ చదువుతున్నాను’ అని రాసిన బ్యాడ్జీలు మూడు వేలు. సెల్ఫీ ఫ్రేములు ఆరు. అట్టపెట్టె నిండా టోపీలు. అన్నిటికన్నా చివర ఒక కవరు, ఆ కవర్లో ఒక పుస్తకం. ‘సాయవ్వ చెలక’ అనే నవల. రెండు వందల నలభై పేజీలు.

నిర్మల ఆటోలోకి తొంగి చూసింది. డ్రైవరు సీటు వెనక చూసింది. టోపీల పెట్టె అడుగున చెయ్యి పెట్టి కలియబెట్టింది.

“మిగిలిన పుస్తకాలేవి సార్?” అని వెంట వచ్చిన అధికారిని అడిగింది.

ఆయన ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. “ఏం రాసుందమ్మా అక్కడ? ఊరంతా... ఒకే... పుస్తకం. ఒకే! ఇచ్చాం కదా?”

తెలుగు భాష మీద ఇంత పట్టున్న అధికారిని నేను నా జన్మలో చూడలేదు. వెంటనే చప్పట్లు కొట్టాను. నిర్మల కొట్టలేదు. ఆమెకు భాషాభిమానం తక్కువ.

చదువుతామని పేర్లిచ్చినవాళ్లు మూడు వేల మంది. పేరిస్తే బ్యాడ్జీ ఇస్తారు మరి! గ్రంథాలయం తెరిచి ఉండేది రోజుకు మూడు గంటలు. నలభై రోజులకు పంచితే తలా రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు వచ్చాయి. రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో ఒక నవల చదవలేని జాతి ఏం బాగుపడుతుంది? ఆ మాటే మైకులో చెప్పాను.

మొదటి వారం క్యూ బాగా సాగింది. జనం వచ్చారు, పుస్తకం పట్టుకున్నారు, ఫ్రేములోంచి తొంగిచూస్తూ ఫొటో దిగారు, వెళ్లారు. ‘ఆరు వందల మంది పుస్తకాన్ని ప్రత్యక్షంగా దర్శించారు’ అని నేను పైకి నివేదిక పంపాను.

తొమ్మిదో రోజు పుస్తకం విడిపోయింది. అన్ని సెల్ఫీలకు ఏ బైండింగు ఆగుతుంది? అట్ట ఊడి, కుట్టు తెగి, కట్టలు కట్టలుగా టేబుల్ మీద పడింది. పదహారు పేజీల కట్టను అచ్చాఫీసు వాళ్లు ఫారం అంటారు. మొత్తం పదిహేను ఫారాలు.

ప్రభుత్వ ఆస్తి! రబ్బరు బ్యాండు వేసి ఎక్కడైనా దాచేద్దామన్నాను. నిర్మల ఆ కట్టలు లెక్కపెట్టింది. తర్వాత సంచిలోంచి సూదీ దారం తీసింది. ఒక్కో ఫారాన్ని విడిగా కుట్టి, గోధుమరంగు అట్టలు వేసి, ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలు రాసింది.

“ఇప్పుడు మన దగ్గర పదిహేను పుస్తకాలున్నయి సార్. ఇండ్లకు ఇద్దాం,” అంది.

“రూలు ఒప్పుకోదు నిర్మలా!”

“ఊరంతటికి ఒక్కటే పుస్తకం ఇచ్చుడు ఏ రూల్ల ఉంది సార్?”

కన్వీనర్ దగ్గర జవాబు లేనప్పుడు టీ తాగడానికి వెళ్లాలి. వెళ్లాను.

ఇక చూడండి కొరత మహిమ! ఫారాలు ఊళ్లోకి బయలుదేరాయి. వరస ప్రకారం ఎవరికి దొరుకుతాయి? ఒకరికి ఏడో ఫారం ముందు వచ్చింది, ఒకరికి పన్నెండోది. ముందు ఏం జరిగిందో తెలియాలంటే ముందటి ఫారం చదివిన మనిషిని వెతుక్కుంటూ పోవాలి.

మా ఊరి చివర ఒక అపార్టుమెంటు ఉంది. ఆరేళ్లుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతూ, ఎదుటివాళ్ల ముఖం చూడాల్సి వస్తుందేమోనని ఫోను చూసుకునే జనం. నాలుగో అంతస్తులో ఉండే అనుపమ గారికి ఆరో ఫారం వచ్చింది. మొదటి పేజీలోనే సాయవ్వ ఏడుస్తోంది. ఎందుకో తెలియదు! ఐదో ఫారం వాచ్‌మన్ భార్య ఈరమ్మ దగ్గర ఉందని తెలిసి, అనుపమ గారు కిందికి దిగి, ఆ ఇంటి తలుపు మొట్టమొదటిసారి తట్టారు. సాయవ్వ భర్త పాము కరిచి పోయాడని ఈరమ్మ చెప్పగానే మెట్ల మీద కూలబడ్డారు. ఈరమ్మ మంచినీళ్లిచ్చి ఓదార్చింది. ప్రతివారి చేతిలో పూర్తి పుస్తకం ఉంటే ఇది జరిగేదా?

ఎయిర్‌పోర్టు క్యాబు నడిపే ఉపేందర్‌కు తొమ్మిదో ఫారం దొరికింది. పార్కింగులో ట్రిప్పు కోసం గంటల తరబడి కాచుకునే డ్రైవర్లకు అది బిగ్గరగా చదివి వినిపించాడు. సగంలో ట్రిప్పు తగిలితే ఫారం పక్క డ్రైవరుకిచ్చి పోయేవాడు. తిరిగొచ్చి, “ఏమైందిరా? ఆ బ్రోకరుగాడు ఏమన్నడు?” అని అడిగేవాడు.

అయితే ఈ కథకు అసలు కేంద్రం గ్రంథాలయం కాదు, దాని ఎదురుగా ఉన్న జంగమ్మ బండి. టీ, మిర్చి బజ్జీ. గ్రంథాలయంలో కుర్చీలు రెండే కాబట్టి చదివేవాళ్లంతా జంగమ్మ బెంచీల మీదే కూర్చునేవాళ్లు. జంగమ్మకు అరవై ఏళ్లుంటాయి. చదువు రాదు. అందుకే బండి దగ్గర ఒక షరతు పెట్టింది.

“మనసుల సదువుకునేటోళ్లు ఇంటికి పోయి సదువుకోండ్రి. ఈడ కూసుంటె గట్టిగ సదవాలె. జర పొయ్యి సప్పుడు మీద ఇనవడేటట్టు.”

చదివారు. బజ్జీ చేతిలో ఉన్నప్పుడు ఎవరు కాదంటారు? మూడు వారాలు తిరిగేసరికి పద్నాలుగు ఫారాలు వరస తప్పి ఆమె బండి ముందు నుంచి పోయాయి. ఆమె మాత్రం వాటిని తలలో వరసగా పేర్చుకుంది. ఎవరికి ఎక్కడ కథ తెగినా ఆమె దగ్గరికే రావడం మొదలైంది.

“నీకు పదకొండోది దొరికిందా? ఆగాగు. ముందుగాల ఎనిమిదిల ఏమైందో ఇను. లేకుంటె ఆ మరిది ఎందుకు అలిగిండో నీకు సమజ్ గాదు.”

మీకొక రహస్యం చెప్పాలి. కన్వీనర్ హోదాలో నేను నవల మొత్తం క్షుణ్ణంగా చదివానని పైకి రాసి పంపాను. నిజానికి చదివింది రెండు పేజీలు. మిగిలిన కథంతా జంగమ్మ బండి దగ్గర ప్లేటు పట్టుకుని విన్నదే. వాన మీద ఆధారపడిన మెట్ట చేనును మా వైపు చెలక అంటారు. సాయవ్వకు ఉన్నది అదొక్కటే. భర్త పోయాక ఒక బ్రోకరు, సొంత మరిది కలిసి ఆ చెలక కాజేయాలని చూస్తారు. పద్నాలుగో ఫారం చివర సర్వే వాళ్లు కొలత గొలుసు పట్టుకుని చెలకలో దిగుతారు. సాయవ్వ ముందు ఒక కాగితం పెట్టి వేలిముద్ర వేయమంటారు. తర్వాత? తర్వాతిది పదిహేనో ఫారం.

ఆ పదిహేనో ఫారం పోయింది.

ముప్పై ఒకటో రోజు సాయంత్రం ఉపేందర్ తల వంచుకుని బండి దగ్గరికి వచ్చాడు. “అక్కా, నీకు ఇయ్యాల ఆఖరిది సదివి ఇనిపిద్దామని తెస్తున్న. ఎనక సీట్ల పెట్టిన. ప్యాసింజర్ సామాన్లతోని కలిసి పోయినట్టుంది.”

“ఫోన్ చెయ్యి మరి!” అంది నిర్మల.

“చేసిన. స్విచ్చాఫ్ వస్తుంది. ఇగ విమానం ఎక్కిండేమో.”

అందరం తలలెత్తి ఆకాశం వైపు చూశాం. నిజంగానే అప్పుడొకటి పైకి లేస్తోంది.

జంగమ్మ పొయ్యి వైపు తిరిగింది. ఆ పూట బజ్జీలు మాడాయి.

మరునాడు నిర్మల పైకి ఫోను చేసి ఇంకో ప్రతి అడిగింది. “ఇచ్చిన ఒక్కటే కాపాడుకోలేనివాళ్లకు రెండోది ఎలా ఇస్తామమ్మా?” అన్నారట. ఎంత తర్కం! నవల లోపలి పేజీలో ప్రచురణకర్త నంబరుంటే దానికి చేసింది. ఆ నంబరు ఇప్పుడు ప్లాట్లు అమ్మే ఆయన చేతికి వచ్చింది. పుస్తకం లేదన్నాడు గానీ, మహేశ్వరం దగ్గర నూట యాభై గజాలున్నాయి, తూర్పు ముఖం, చూస్తారా అని అడిగాడు.

ఇది కూడా మంచికే! ముగింపు దొరక్కపోయేసరికి ఊరంతా రచయితలైపోయారు. సాయవ్వ సర్వే జీపు టైర్లలో గాలి తీసేసిందని డ్రైవర్లు తీర్మానించారు. చెలక అమ్మేసి టూ బెడ్‌రూమ్ ఫ్లాటు కొనుక్కుందని అపార్టుమెంటు వాళ్లు చెప్పుకున్నారు. ప్లాట్ల వ్యాపారం చేసే రాఘవేందర్ మరీ ముందుకు పోయి, సాయవ్వే స్వయంగా వెంచర్ వేసిందనీ, దానికి ‘సాయవ్వ ఎన్‌క్లేవ్’ అని పేరు పెట్టిందనీ అన్నాడు. నా ముగింపు అన్నిటికన్నా వాస్తవికం. సాయవ్వ పత్రికకు ఒక ఉత్తరం రాసింది, అది అచ్చయింది, సమస్య తీరిపోయింది.

జంగమ్మ అందరిదీ విన్నది. చివరికి జల్లిగరిటె పక్కన పెట్టింది.

“మీకేం గావాల్నో మీరు అదే జెప్తున్నరు. ఆమె ఏం జేసిందో ఒక్కలన్న జెప్తలేరు.”

నలభయ్యో రోజు గ్రంథాలయం ముందు షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. మొదటి రోజు వచ్చిన అధికారే ముఖ్య అతిథి. దండలు, జ్యోతి వెలిగించడం, ఫొటోలు అయ్యాక ఆయన చేతిలోని కాగితం చూసి క్విజ్ మొదలుపెట్టాడు.

“మొదటి ప్రశ్న! చివరికి సాయవ్వ ఏం చేసింది? సరైన సమాధానం చెప్పినవారికి స్టీలు క్యారియర్ బహుమతి!”

ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఎవరూ చదవలేదా?” అన్నాడాయన నా వైపు చూస్తూ. నేను షామియానా కుట్లు పరిశీలించాను.

“మీరు సదివిండ్రు గద సార్, మీరే చెప్పుండ్రి!” అని వెనక నుంచి ఉపేందర్ అరిచాడు.

అధికారి కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. పక్కాయన ఫైలు వెతికాడు. అందులోనూ లేదు. సమయాభావం వల్ల రెండో ప్రశ్నకు వెళదామని ఆయన అంటుండగా జంగమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వేదిక మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. ఆమె వేదిక ఎక్కుతుందని కార్యక్రమపత్రంలో లేదు. ఆపాల్సింది నేనే. ఎందుకో ఆపలేదు.

మొదటి ఫారం నుంచి మొదలుపెట్టింది. సాయవ్వ పెళ్లయి వచ్చిన రోజు, మొదటిసారి జొన్న విత్తిన రోజు, పాము కరిచిన రోజు, మరిది మాటలు, బ్రోకరు తెచ్చిన చీర. ఒక్క కాగితం చేతిలో లేదు. విమానం వచ్చినప్పుడు ఆగింది, పోయాక మొదలుపెట్టింది. ముప్పావుగంట దాటింది. అనుపమ గారు ఈరమ్మ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు.

“ఇగ సర్వే సార్లు గొలుసు బట్టుకొని చెలకల దిగిండ్రు. సాయవ్వ గట్టు మీద నిలవడ్డది. కాయితం ముందట వెట్టి ఏలిముద్ర ఎయ్యమన్నరు. గీడిదాంక నాకెరుక.”

ఆగింది. విమానమేదీ రాలేదు.

“ఆమె ఏసిందో లేదో నాకు తెల్వదు. నేనైతె ఏసిన.”

ఊరి బయట ఉన్న పెద్ద గోదాము వైపు చెయ్యి చూపించింది.

“గా గోదాము ఉన్న కాడ మా చెలక ఉండె. నా ముందట గూడ గట్లనే కాయితం వెట్టిండ్రు. అండ్ల ఏం రాసిండ్రో సదవుండ్రి అన్న. మామూలే అమ్మా, మొత్తం సదివితె లేటయితది అన్నరు. ఆడ సదువొచ్చినోళ్లు పదిమంది ఉండె సారూ. అందరు మా ఊరోళ్లే. ఒక్కలన్న సదివి చెప్పలె.”

అంతే. దిగిపోయింది. నా జేబులో వందన సమర్పణ కాగితం ఉంది, మూడు పేజీలు, ప్రాసలతో. అది అక్కడే ఉండిపోయింది. ఆ పదిమందిలో నేను లేను. కానీ ఉండి ఉంటే చదివి చెప్పేవాణ్ణని ఆ పూట గట్టిగా అనుకోలేకపోయాను.

అధికారి తేరుకుని, పుస్తకం ప్రజల గుండెను తాకిందని ప్రకటించి, స్టీలు క్యారియర్ ఆమెకే ఇచ్చాడు.

మరునాడు సాయంత్రం జంగమ్మ బండి తెరవలేదు. ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని గ్రంథాలయంలోకి వచ్చి నిర్మల ఎదుట కూర్చుంది. కవర్లో మడతలు పడిన కాగితాలు.

“ఇది సదువు బిడ్డా. నవల సదివినట్టు నిమ్మలంగ సదువు. తెల్వకుంటె అడుగుత.”

నిర్మల చదివింది. ఆమె అడిగింది. నిర్మల మళ్లీ చదివింది. అందులో ఏముందో నేను రాయను, అది ఆమె కాగితం. అంతా విన్నాక మడిచి కవర్లో పెట్టుకుని, “గిదా,” అంది. లేచి పోయింది.

ఆ తర్వాత రోజు ఇంకొకరు దవాఖాన చీటీ తెచ్చారు. మరొకరు గోదాములో ఉద్యోగానికి సంతకం పెట్టమన్న ఒప్పందం తెచ్చారు. వారం తిరిగేసరికి రెండు కుర్చీల గది ముందు మళ్లీ క్యూ. ఈసారి ఎవరి దగ్గరా సెల్ఫీ ఫ్రేము లేదు.

అప్పుడే పైనుంచి ఉత్తరం వచ్చింది. మా ఊరి కార్యక్రమం ఘన విజయం సాధించినందుకు అభినందనలు! ఊరికి ఒక్క ప్రతి సరిపోతుందని రుజువైంది గనుక వచ్చే ఏడాది మండలానికి ఒక్క ప్రతి ఇస్తారట. పఠనమంతా టీ బండి దగ్గరే జరిగింది గనుక గ్రంథాలయం గదిలో బ్యాడ్జీలు, ఫ్రేములు భద్రపరుస్తారట. కార్యక్రమం ముగిసింది గనుక నెలాఖరు నుంచి నిర్మల రానక్కర్లేదట.

పుస్తకాలు లేకపోతే ఊరికి మేలన్నాను కదా? ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ఆ మేలు మా ఊరికి ఇప్పటికే కడుపు నిండా జరిగింది. మేమే అనుభవిస్తూ కూర్చుంటే బాగుంటుందా? మిగతా ఊళ్లకూ వంతు రావాలి కదా! మాకు పుస్తకాలు పంపేసి, ఈ లేమిని దయచేసి ఇంకెవరికైనా ప్రసాదించండి.

ఈ ఉదార భావంతోనే ఒక అర్జీ రాశాను. గ్రంథాలయానికి పుస్తకాలు కావాలి, ‘సాయవ్వ చెలక’ మూడు వందల ప్రతులు కావాలి, నిర్మల ఉద్యోగం ఉండాలి. సంతకాల కోసం బండి దగ్గరికి తీసుకెళ్లాను. జంగమ్మ కాగితం వైపు చూసింది.

“ఏం రాసినవ్ సారూ? సదువు.”

క్లుప్తంగా చెప్పబోయాను.

“చెప్పుడు గాదు. సదువు. మొత్తం.”

చదివాను. ఆమె వేగుతున్న బజ్జీలు తిప్పుతూ వింటోంది. చివరికి వచ్చాను. “కావున తమరు దయతో, వీలైతే, మా విన్నపాన్ని పరిశీలించి...”

“ఆగు. వీలైతె ఏంది?”

“మర్యాద కోసం రాస్తారు జంగమ్మా. అర్జీల్లో అలాగే రాయాలి.”

“మా చెలక అడగొచ్చినోళ్లు వీలైతె అన్నరా?”

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో అర్జీలు అందుకున్నాను, రిటైరయ్యాక పన్నెండేళ్లుగా ఊరి కోసం రాస్తున్నాను. ఆ మాట లేని అర్జీ ఇంతవరకు నా చేతి మీదుగా పోలేదు.

జేబులోంచి పెన్ను తీసి ‘వీలైతే’ కొట్టేశాను.

“ఇగ మల్ల మొదట్నుంచి సదువు,” అంది జంగమ్మ.